క్లబ్బు తూటా, షాపు తూటా

పిస్తోలు బాగానే ఉందని మేస్త్రి, ఎక్కడ బాగుందని టీచరమ్మ. కిందటి వారమంతా ఈ ఒక్క ముక్క మీదే గడిచిపోయింది. తుపాకులు బాగుచేసే ఆ చిన్న షాపులో, నలుగురు కస్టమర్లు చూస్తుండగా, ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. "లోపం పిస్తోలులో లేదు, పట్టుకున్న చేతిలో ఉంది. చేతికి బలం చాలకపోతే మంచి పిస్తోలు కూడా మొరాయిస్తుంది" అని మేస్త్రి తేల్చేశాడు. "ఈ చేత్తోనే పాతికేళ్ళుగా బోర్డు మీద లెక్కలు రాస్తున్నాను. లోపం మీ బల్లలో ఉందేమో చూసుకోండి" అని టీచరమ్మ అంటించింది. అని ఊరుకోక, పిస్తోలు పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగి చక్కా పోయింది.

మధ్యలో నలిగిపోయింది మాత్రం మేస్త్రి కోడలు. మేస్త్రి ఆమెకు స్వయానా మామగారు, టీచరమ్మ తోడబుట్టిన అక్క. ఎవరి పక్షాన నోరు విప్పినా రెండో పక్షం నుంచి చీవాట్లు ఖాయం. అందుకని ఆమె అయిదు రోజులు నోరు కుట్టేసుకుని కూర్చుంది. ఆమె అన్నాళ్ళు మౌనంగా ఉండడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారని మొగుడు కూడా గమనించాడు.

కానీ ఆదివారం దగ్గర పడింది. ఆదివారం పొద్దున్న షూటింగ్ క్లబ్బులో ఎంపిక పోటీ. జట్టులో మిగిలింది ఒకే ఒక్క చోటు, దానికోసం టీచరమ్మా, పళ్ళ డాక్టరమ్మా తలపడుతున్నారు. అరవై తూటాల పోటీలో మూడు సార్లు తూటా ఇరుక్కుంటే లేచి వచ్చేయాలని క్లబ్బు నియమం. నెలన్నరగా టీచరమ్మ పిస్తోలులో పదింటికి రెండు ఇరుక్కుంటున్నాయి. లెక్కల టీచరుకి ఆ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళుగా ఆవిడ జట్టుతో పాటు రిజర్వు మనిషిగా వెళ్ళి, మిగతావాళ్ళ నీళ్ళ సీసాలు మోసి, చప్పట్లు కొట్టి, తిరిగి వస్తోంది. ఈసారి సీసాలు మొయ్యడం ఆవిడకు ససేమిరా ఇష్టం లేదు.

శనివారం పొద్దున్న కోడలు షాపు తలుపులు తీసి, బల్ల తుడిచి, "నూనె డబ్బా అయిపోయింది మామయ్యగారూ, తెచ్చేస్తాను" అని చెప్పి స్కూటర్ బయటికి తీసింది. నిజానికి నూనె డబ్బా నిండుగా ఉంది. దాన్ని బల్ల కింద పాత గుడ్డల వెనక్కి తోసేసి మరీ బయల్దేరింది. అబద్ధం ఆడితే పకడ్బందీగా ఆడాలని ఆమె సిద్ధాంతం.

రేంజి అంటే పెద్ద హంగులేమీ లేవు. రేకుల కప్పు వేసిన పొడుగాటి వసారా, పది గళ్ళుగా విడదీసి ఉంటుంది. గడికో బల్ల, ఎదురుగా పాతిక మీటర్ల దూరంలో గుండ్రటి గీతలున్న కాగితం, దాని వెనకాల ఎత్తుగా పోసిన మట్టికట్ట. నాలుగో గడిలో టీచరమ్మ చెవులకు చప్పుడు ఆపే డిప్పలు తగిలించుకుని నిలబడి ఉంది. వెనక బెంచీలో గుసగుసలాడే పిల్లల్ని చూసినట్టే ఆ కాగితం వైపు చూస్తోంది.

చెల్లెల్ని చూసి ఒక డిప్ప పక్కకి జరిపింది. "మీ మామగారు పంపించారా?"

"లేదు. నూనె కొనడానికి వచ్చాను."

"ఇక్కడ నూనె అమ్మరు."

"తెలుసులే. నువ్వు కాల్చు, నేను చూస్తా."

టీచరమ్మ కాల్చింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి పిస్తోలు నోరు వెళ్ళబెట్టింది. పిస్తోలు పేలినప్పుడల్లా దాని పైభాగం, వీళ్ళు స్లయిడు అంటారు, ఆ విసురుకి వెనక్కి జరిగి ఖాళీ తూటాను బయట పారేయాలి. తర్వాత లోపలి స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తే, వస్తూ వస్తూ కొత్త తూటాను లోపలికి తెచ్చుకోవాలి. ఇప్పుడా ఖాళీ తూటా సగం బయటా సగం లోపలా, బస్సు తలుపులో పడ్డ సంచీలా ఇరుక్కుని ఉంది.

"చూశావా బుజ్జీ. నా చేతికి బలం లేదట. ఏడు సెక్షన్ల నోటు పుస్తకాలు రెండంతస్తులు మోసే చెయ్యి ఇది. మీ మామగారిని వచ్చి ఒక్క అంతస్తు మొయ్యమను చూద్దాం."

కోడలు పిస్తోలు వైపు చూడడం మానేసి అక్క బూట్ల వైపు చూస్తోంది. పేలిన మూడు తూటాల ఖాళీలూ అక్కడే పడి ఉన్నాయి. ఒకటైతే బూటు లేసుల్లో దూరి తీరిగ్గా కూర్చుంది.

షాపులో ఇలా ఉండదు. షాపు వెనక సన్నటి గది ఉంది, దాని చివర ఇసుక నింపిన పెద్ద ఇనప పెట్టె ఉంది. బాగుచేసిన ప్రతి తుపాకీనీ మేస్త్రి ఆ ఇసుకలోకి కాల్చి చూశాకే కస్టమరు చేతికిస్తాడు. ఈ పిస్తోలునీ అలాగే నాలుగుసార్లు కాల్చి చూశాడు, ఒక్కసారీ ఇరుక్కోలేదు. అక్కడ ఖాళీ తూటాలు మూడు గజాల అవతలున్న రేకు బీరువాకి తగిలి ఠంగుమంటాయి. ఆ ఠంగుఠంగులకి పక్క వాటాలో కళ్ళద్దాల షాపు పెట్టుకున్న ఆమె మొగుడికి పిచ్చెక్కుతుంది. బోర్డు మీద అక్షరాలు చదువుతున్న మనిషి ఉలిక్కిపడి రెండు వరసలు దాటేస్తే, ఆయన తప్పుడు నంబరు అద్దాలు రాసిచ్చిన రోజులు కూడా ఉన్నాయి. చివరికి బీరువాకి పాత దుప్పటి కట్టారు.

అదే పిస్తోలు, అదే స్ప్రింగు. అక్కడ మూడు గజాలు ఎగిరేది ఇక్కడ బూటు మీద ఎందుకు పడుతోంది?

"అక్కా, ఇవెప్పుడూ ఇలా కాళ్ళ దగ్గరే పడతాయా?"

"ఎక్కడ పడితే ఏంటే? నేను కాల్చేది ముందుకి, కాళ్ళ దగ్గరకి కాదు."

కోడలు వంగి లేసుల్లోంచి ఖాళీ తూటా తీసి జేబులో వేసుకోబోయి, ఖాళీవి కూడా బయటికి పట్టుకెళ్ళకూడదన్న ఇక్కడి రూలు గుర్తొచ్చి మళ్ళీ కింద పెట్టి, తిన్నగా స్టోర్ కీపరు దగ్గరికి నడిచింది. స్టోర్ కీపరు కిటికీ వెనకాల నీలం రంగు డబ్బాలు అయిదు వరసలుగా పేర్చుకుని, కన్నబిడ్డలకి కాపలా కాసినట్టు కాస్తున్నాడు.

"ఈ నీలం డబ్బాలు ఎప్పుడొచ్చాయండీ?"

"నెలన్నర అవుతోందమ్మా. పాత ఎర్ర డబ్బాలు దొరకడం లేదు. వీటికి చప్పుడు తక్కువ, గురి బాగా కుదురుతుంది. అందరూ మెచ్చుకున్నారు, మీ అక్కగారు తప్ప."

"ఒక్క డబ్బా ఇస్తారా? షాపులో పెట్టి చూసి తెచ్చిస్తాను."

"రేంజిలో ఇచ్చిన తూటా రేంజిలోనే పేలాలి తల్లీ. అది గేటు దాటిందంటే నా ఉద్యోగం కూడా దాని వెనకాలే గేటు దాటుతుంది."

మూత మీద తూటా వేగం అచ్చువేసి ఉంది, సెకనుకి మూడు వందల ముప్పై మీటర్లు. కోడలు అది అరచేతిలో పెన్నుతో రాసుకుంది. స్కూటర్ ఎక్కాక ఆమెకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు పక్కన ఆగిన ముక్కూ మొహం తెలియని ఆసామీని చూసి నవ్వేసింది. ఆయన కంగారుపడి షర్టు బొత్తాలు సరిచూసుకున్నాడు.

షాపులోకి అడుగు పెట్టేసరికి మేస్త్రి గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"నూనె దొరికిందా?" అని అడిగాడు. ఆయన చేతిలో నిండు నూనె డబ్బా ఉంది.

కోడలు నాలిక కరుచుకుంది. "రేంజికి వెళ్ళాను మామయ్యగారూ."

"అనుకున్నా. అబద్ధం చెప్పేటప్పుడు నీ చెవులు ఎర్రబడతాయి అమ్మాయ్. మీ నాన్నకీ అంతే. నా వాచీ మూడు రోజుల్లో ఇస్తానని మూడు నెలలు తిప్పినప్పుడల్లా రెండు చెవులూ కందిపోయేవి."

మేస్త్రికి అరవై అయిదేళ్ళు. ముక్కు చివర కళ్ళద్దాలు, ముక్కు మీద కోపం, ఆ కోపం వెనకాల దూదిలాంటి మనసు. కొడుకు తుపాకీ చప్పుడుకి జడిసి కళ్ళద్దాల వైపు వెళ్ళిపోతే, వాచీలు బాగుచేసే ఇంటి నుంచి వచ్చిన కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆరేళ్ళుగా పని నేర్పుతున్నాడు. పని విషయంలో ఆయనకొక పట్టుదల ఉంది. షాపు వదిలి ఎవరి దగ్గరికీ వెళ్ళడు. "జబ్బు చేసినవాడు ఆసుపత్రికి వస్తాడు గానీ, ఆసుపత్రి లేచి వాడింటికి నడవదు" అంటాడు. క్లబ్బు సెక్రటరీ ఒకసారి రేంజికి వచ్చి చూడమని కబురంపితే అది తన బల్లకి అవమానమని అలిగాడు. అలిగి నాలుగేళ్ళయింది, ఇప్పటికీ ఆయన ఫోను ఎత్తడు.

కోడలు చేతిసంచీ పక్కన పడేసి బీరువా తెరిచింది. లోపల ఎర్ర డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. ఎప్పుడో ఒక పెద్ద దుకాణం మూసేస్తుంటే మేస్త్రి గంపగుత్తగా కొన్న సరుకు అది. అప్పటినుంచి ఏ తుపాకీని పరీక్షించినా, దానికి సరిపడే కొలతలో ఆ కంపెనీ ఎర్ర డబ్బా తూటాయే. ఆమె ఒక డబ్బా తీసి మూత చదివింది. మూడు వందల ఎనభై.

"మామయ్యగారూ, అక్క పిస్తోలులో ఇప్పుడున్న స్ప్రింగు మీరు వేసిందేనా?"

"నేను కాక ఇంకెవరు వేస్తారు? మూడేళ్ళయింది. అప్పట్లో స్లయిడు మరీ విసురుగా వెనక్కొచ్చి గుద్దుకుంటోంది. అలాగే వదిలేస్తే ఫ్రేము చితికిపోయేది. దాంతోపాటు వచ్చిన స్ప్రింగు తీసేసి, గట్టిది వేశాను. అప్పటినుంచి నిక్షేపంలా ఉంది."

"ఏ తూటాల విసురు చూసి గట్టిది వేశారు?"

"ఇవే. క్లబ్బువాళ్ళూ ఇవే వాడతారు కదా."

"ఇప్పుడు వాడట్లేదు. నెలన్నర క్రితం మార్చేశారు."

ఆమె అరచెయ్యి చాపింది. మేస్త్రి కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆ అంకె చదివాడు. డబ్బా మీది అంకె చదివాడు. మళ్ళీ అరచెయ్యి చదివాడు. చేతిలో నూనె డబ్బా ఉన్న సంగతి మరిచిపోయాడేమో, అది కాస్త ఒరిగి లుంగీ మీద రెండు చుక్కలు కారాయి.

"మార్చేముందు నాకొక మాట చెప్పొద్దూ?" అన్నాడు చివరికి.

"చెబుదామనే ఫోన్ చేసి ఉంటారు. మీరు ఎత్తితేగా."

మేస్త్రికి చురుక్కుమంది. "సరే, తూటా మారిందనుకో. మిగతావాళ్ళ పిస్తోళ్ళు ఎందుకు పనిచేస్తున్నాయి? వాళ్ళవీ అవే తూటాలు కదా."

"వాళ్ళ పిస్తోళ్ళలో మీరు గట్టి స్ప్రింగు వెయ్యలేదు."

ఈ మాట అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో ఆమెకే తెలుసు. ఆరేళ్ళలో ఆయన పనికి వంక పెట్టడం ఇదే మొదలు. మేస్త్రి మొహం కందగడ్డలా అయింది. లేచి నూనె డబ్బా బీరువాలో పెట్టాడు, అది పెట్టే చోటు కాదని తీసి బల్ల మీద పెట్టాడు.

"అంటే తప్పు నాదంటావు."

"మీది కాదు మామయ్యగారూ. అప్పటి తూటాకి ఆ స్ప్రింగే సరి. ఇప్పటి తూటా మెత్తనిది, దానికి అంత గట్టి స్ప్రింగుని పూర్తిగా వెనక్కి నెట్టే శక్తి లేదు. స్లయిడు సగం దూరం వెళ్ళి తిరిగొచ్చేస్తోంది, ఖాళీ తూటా బయటపడే లోపలే తలుపు మూసుకుంటోంది. మీ స్ప్రింగు మంచిదే, వాళ్ళ తూటా మంచిదే, అక్క చెయ్యీ మంచిదే. ఈడూ జోడూ కుదరలేదు, అంతే."

"చెప్పడానికి బాగానే ఉంది. రుజువేదీ?"

"రుజువు రేంజిలో ఉంది. ఆ తూటా గేటు దాటదు, మీరు షాపు దాటరు. ఈ రెండు పట్టుదలల మధ్య రేపు మా అక్క చోటు పోతుంది."

సరిగ్గా అప్పుడే పక్క వాటా తలుపులోంచి కొడుకు తల లోపలికి వచ్చింది. "నాన్నా, ఇప్పుడేమైనా కాలుస్తారా? ఒక పెద్దావిడ చిన్న అక్షరాల దాకా వచ్చారు. ముందే చెబితే ఆవిడకి కుర్చీ వేస్తాను."

"ఇక్కడ ఎవరూ కాల్చట్లేదు. ఉన్నవాణ్ణే కాల్చుకు తింటున్నారు" అన్నాడు మేస్త్రి.

కొడుకు ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించాడు. "రేంజికేనా? వెళ్ళిరండి నాన్నా, కాసేపు ఈ షాపు కూడా నేను చూసుకుంటాను."

"నువ్వా? ఎవరైనా తుపాకీ తెచ్చి బల్ల మీద పెడితే కళ్ళు మూసుకుంటావు."

"మూసుకునే, సాయంత్రం రమ్మని చెబుతాను."

తల మాయమైంది. కోడలు మామగారి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె గొంతులో ఇందాకటి వాదం లేదు. "అక్క మీ మీద కోపంతో అన్నా, ఇప్పటికీ వేరే షాపుకి వెళ్ళలేదు. నాలుగేళ్ళు అందరి సీసాలూ మోసింది. రేపు కూడా మోసిందంటే అది నేను తట్టుకోలేను మామయ్యగారూ. అక్క చేతకానితనం వల్ల అయితే సరే అనుకుంటాను. మన బల్ల వల్ల అయితే ఎలా?"

మన బల్ల అన్న మాట మేస్త్రికి తగలాల్సిన చోట తగిలింది. ఆయన కళ్ళద్దాలు తీసి, నూనె మరక పడ్డ లుంగీతోనే తుడుచుకుని, అవి ఇంకా మసకబారాక పెట్టుకున్నాడు. పనిముట్ల పెట్టె వైపు చెయ్యి చూపించాడు.

"అది తియ్యి. నేను ప్యాంటు వేసుకొస్తాను. స్కూటర్ మెల్లగా నడపాలి మరి, గతుకుల్లో నా నడుం నీ బాధ్యత."

రేంజిలో మేస్త్రి అడుగు పెట్టడం చూసి స్టోర్ కీపరు కిటికీలోంచి సగం బయటికి వచ్చాడు. టీచరమ్మ మాత్రం కదల్లేదు. "రండి మేస్త్రిగారూ. నా చెయ్యి చూడడానికి వచ్చారా?" అంది. మామూలుగా అయితే ఆయన్ని మామయ్యగారూ అనే పిలుస్తుంది.

మేస్త్రి చెవులకి డిప్పలు తగిలించుకుని, పిస్తోలు ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, నీలం డబ్బాలోని తూటాలు తనే నింపుకున్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, భుజం బిగించి కాల్చాడు. ఖాళీ తూటా ఆయన చెప్పు మీద పడింది. రెండోదీ అంతే. మూడోదానికి పిస్తోలు నోరు తెరుచుకుని ఉండిపోయింది.

ఆయన దాన్ని అలాగే పట్టుకుని కాసేపు చూశాడు. ఇంత దూరం లాక్కొచ్చి, ఇంతమంది ముందు ఆ పెద్దాయన తల దించుకునేలా చేశానా అని ఒక్క క్షణం కోడలికి తనమీద తనకే కోపం వచ్చింది.

మేస్త్రి డిప్పలు తీశాడు. "అయితే టీచరమ్మా, నా చేతికి కూడా బలం లేదన్నమాట."

టీచరమ్మ పెదాలు బిగబట్టింది గానీ లాభం లేకపోయింది. ముందు ముక్కులోంచి చిన్న చప్పుడు వచ్చింది, తర్వాత పకపకా నవ్వేసింది. వెనక నుంచి స్టోర్ కీపరు కూడా నవ్వాడు. మేస్త్రి వాళ్ళందరి కంటే గట్టిగా నవ్వాడు, నవ్వి దగ్గాడు, దగ్గుతూనే పనిముట్ల పెట్టె తెరిచాడు.

ఏ తుపాకీలోంచి తీసిన ముక్కనైనా పారెయ్యడం ఆయన జాతకంలో లేదు. పెట్టె అడుగున బిస్కెట్ల డబ్బా, అందులో పాతిక ముప్పై స్ప్రింగులు, ఒక్కోదానికీ దారంతో కట్టిన అట్టముక్క మీద ఏ తుపాకీదో రాసి ఉంది. టీచరమ్మ పిస్తోలు కొన్నప్పుడు దాంట్లో ఉన్న అసలు స్ప్రింగు దొరికింది. మేస్త్రి దాన్ని వేళ్ళ మధ్య నొక్కి, మెత్తదనం చూసి, పట్టకారుతో సహా కోడలి ముందు పెట్టాడు.

"నువ్వు వెయ్యి. వాచీలు పట్టిన వేళ్ళు."

ఆమె రెండు నిమిషాల్లో వేసింది. టీచరమ్మ కాల్చింది. ఖాళీ తూటా చక్కగా ఎగిరి అయిదో గడి బల్ల మీద పడింది. రెండోది దాని పక్కనే పడింది. పదికి పది, ఇరవైకి ఇరవై, ఎక్కడా అడ్డు లేదు. కోడలు ఆగలేక చప్పట్లు కొట్టింది.

"తొందరపడకు. నేను ఒక్క డబ్బాతో నమ్మను" అన్నాడు మేస్త్రి. "ఇంకోటి తీసుకురండి."

స్టోర్ కీపరు తెచ్చాడు. అది అయ్యాక ఇంకోటి అడిగాడు. ఆ తర్వాత తను కూడా కాలుస్తానన్నాడు. కోడలి చేత కాల్పించాడు, పిస్తోలు వదులుగా పట్టుకుని కాల్పించాడు, ఒంటిచేత్తో కాల్పించాడు. పొద్దు వాలేసరికి అయిదు వరసల డబ్బాలున్న అల్మారాలో గోడ కనిపించసాగింది. ఒక్కటంటే ఒక్క తూటా ఇరుక్కోలేదు.

వెళ్ళేముందు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, మొన్న నేను నలుగురిలో అన్న మాట..."

"మీ బల్ల గురించి నేనన్నది మీరు మరిచిపోతే, అదీ నేను మరిచిపోతాను మామయ్యగారూ."

"నేను మరిచిపోను. నువ్వన్నదే సరైంది" అన్నాడాయన. టీచరమ్మకు అనుకోకుండా కళ్ళు చెమర్చాయి. పిస్తోలు పెట్టె మూసే నెపంతో అటు తిరిగింది.

ఆదివారం పొద్దున్న రేంజి కళకళలాడిపోయింది. మేస్త్రి ఇస్త్రీ చొక్కాలో వచ్చి, సెక్రటరీతో చెయ్యి కలిపి, నాలుగేళ్ళ అలకని రెండు కప్పుల టీతో ముగించాడు. పళ్ళ డాక్టరమ్మ తన వృత్తికి తగ్గట్టు తీరైన పలువరసతో అందరినీ పలకరిస్తోంది. టీచరమ్మ నిబ్బరంగా నాలుగో గడిలో కుర్చీ జరుపుకుంది. కోడలికి రాత్రి హాయిగా నిద్ర పట్టింది, పొద్దున్న ఆకలి కూడా బాగా వేసింది.

స్టోర్ కీపరు తోపుడు బండి మీద తూటాలు తెచ్చి గడి గడికీ డబ్బాలు పంచుతూ వచ్చాడు. నాలుగో గడిలో కూడా పెట్టాడు. కోడలు వాటి వైపు చూసి నవ్వబోయి ఆగిపోయింది.

డబ్బాలు ఆకుపచ్చగా ఉన్నాయి.

"ఇవేంటండీ? నీలం డబ్బాలేవి?"

"నీలంవి ఇంకెక్కడివమ్మా? అందరికీ సరిపడా ఉన్నాయనే అనుకున్నాను. నిన్న మేస్త్రిగారు ఇంకోటి, ఇంకోటి అంటుంటే పెద్దాయన మాట కాదనలేకపోయా. చివరికి చూస్తే ముగ్గురికి కూడా చాలవు. పోటీలో అందరికీ ఒకే రకం ఇవ్వాలి కదా, రాత్రికి రాత్రి ఫోన్ చేసి ఈ కొత్త సరుకు తెప్పించాను" అన్నాడు స్టోర్ కీపరు, తను చేసిన సాయానికి తనే మురిసిపోతూ.

టీచరమ్మ డబ్బా చేతిలోకి తీసుకుని మూత చదివింది. "మూడు వందల యాభై అయిదు. ముప్పైకీ ఎనభైకీ సరిగ్గా నట్టనడుమ. ఇలాంటి లెక్క పరీక్షలో ఇస్తే పిల్లలు నన్ను తిట్టుకుంటారు" అంది.

"ముందు ఒక పది కాల్చి చూస్తే?" అంది కోడలు.

కుదరదు. పోటీ మొదలయ్యే దాకా ఎవరూ ఒక్క తూటా పేల్చకూడదు. ఈలోగా తనిఖీ అధికారి ఒక్కో గడికీ వచ్చి ఆయుధం చూసి, దానికి చీటీ కడతాడు. చీటీ కట్టాక పోటీ ముగిసే వరకు పిస్తోలు విప్పడానికి లేదు. ఆయన అప్పుడే రెండో గడిలో ఉన్నాడు.

మేస్త్రి టీ కప్పు కింద పెట్టేసి గబగబా వచ్చాడు. సంగతి విన్నాడు. జేబురుమాలు బల్ల మీద పరిచి, పిస్తోలు విప్పి మెత్త స్ప్రింగు బయటికి తీశాడు. చొక్కా జేబులోంచి నిన్న విప్పిన గట్టి స్ప్రింగు తీసి దాని పక్కన పెట్టాడు. కొత్త తూటా విసురు ఎక్కువైతే మెత్తది తట్టుకోదు, స్లయిడు అదుపు తప్పి తూటాలు అడ్డం పడతాయి. విసురు తక్కువైతే గట్టిది కదలదు, మళ్ళీ నెలన్నర కథే. రెండు స్ప్రింగులూ రుమాలు మీద పక్కపక్కన పడుకుని ఉన్నాయి, చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి.

అధికారి మూడో గడిలోకి వచ్చాడు.

"మామయ్యగారూ, త్వరగా చెప్పండి. మీ నలభై ఏళ్ళ అనుభవం ఏమంటోంది?" అంది కోడలు.

మేస్త్రి కళ్ళద్దాల పైనుంచి కోడలి వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు, బింకం లేదు.

"నలభై ఏళ్ళూ ఒకే రకం డబ్బా కాల్చినవాణ్ణి. నా అనుభవాన్ని ఇక్కడ నమ్మొద్దమ్మా" అన్నాడు. "తూటాని చూసి స్ప్రింగు కుదర్చాలని నాకు చెప్పింది నువ్వు. ఏది వెయ్యాలో నువ్వే తీసివ్వు."

టీచరమ్మ చెల్లెలి మొహంలోకి చూసి, ఏమీ అడగకుండా, ఆకుపచ్చ డబ్బా మూత తెరిచింది.

"నాలుగో గడి" అని పిలిచాడు అధికారి.

కోడలు ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, రెండింటిలో ఒక స్ప్రింగు తీసి మామగారి చేతిలో పెట్టింది.